మూడో ముద్ర

గోపాలపట్నం,
12-6-1983.

సైరన్స్ సంగీత బృంద సార్వభౌములు, విద్యుత్ గిటార్ విద్వన్మణి, ప్రస్తుతం భిలాయి ఉక్కు కర్మాగారంలో శిక్షణార్థి అయిన మా ఎల్లాజీ బావ దివ్య సముఖానికి,

నీలకంఠం, బి.ఎస్సీ., నిరుద్యోగి, సాష్టాంగపడి సమర్పించుకునే క్షమాపణ పత్రం.

రెండు నెలలుగా ఉత్తరం రాయనందుకు మొదటి క్షమాపణ. ఇప్పుడు రాస్తున్నందుకు రెండోది. ఇందులో రాయబోయే అబద్ధాలకి మూడోది, వాటి మధ్య పొరపాటున దొర్లే నిజాలకి నాలుగోది. ఈ బరువు మోసే రైలుకీ, దీని మీద ముద్ర గుద్దే పోస్టాఫీసు గుమాస్తాకీ, ఇది చదవడానికి నువ్వు పాడుచేసుకోబోయే ఆదివారానికీ కలిపి ఐదోది. ఇన్ని చెప్పుకున్నాక ఇక జరిగిన దేనికీ నేను బాధ్యుణ్ణి కానని మనవి.

సంగతేమిటంటే, సైరన్స్ పోయింది.

ఏప్రిల్‌లో నువ్వు రైలెక్కినప్పుడు ప్లాట్‌ఫారం మీద జగ్గారావు ఏమన్నాడు? డ్రమ్ములు నేను చూసుకుంటాను, బేస్ గిటార్ వరహాలు చూసుకుంటాడు, నువ్వు శిక్షణ ముగించుకుని వచ్చేదాకా దుకాణం మూయము అన్నాడు. వరహాలు తలూపాడు. వరహాలు దేనికైనా తలూపుతాడనుకో. పోర్టులో కళాసీగా క్రేను కింద నిలబడి తలూపడమే ఉద్యోగమైనవాడు, ఇంటికొచ్చాక మాత్రం ఎలా మానతాడు? అయినా నేను నమ్మాను. మొన్న ఆదివారం పని మీద కూర్మన్నపాలెం వెళితే ఒక పెళ్ళి పందిట్లో ఎర్రగుడ్డ మీద తెల్ల అక్షరాలు కనిపించాయి: 'జగ్గారావు మెలోడీస్'. సినిమా పాటలు. జగ్గారావు తళుకుల చొక్కా తొడుక్కుని, పెళ్ళికొడుకు బాబాయి అడిగిన పాటకల్లా డ్రమ్ములు వాయిస్తున్నాడు. పక్కన ఎవడో అకార్డియన్ పిండుతున్నాడు. వరహాలు లేడు. జగ్గారావు నన్ను చూశాడు, చూసి చూపు తిప్పుకున్నాడు. తప్పు చెయ్యనివాడు చూపెందుకు తిప్పుకుంటాడు బావా?

అందుచేత ఏకసభ్య విచారణ సంఘం ఒకటి ఏర్పాటు చేశాను. అధ్యక్షుడు, కార్యదర్శి, బిళ్ళ బంట్రోతు అన్నీ నేనే. సైరన్స్‌ని ఎవరు చంపారన్నది విచారణాంశం.

నాకేమి హక్కుందంటావా? ఉంది. డెబ్భై నాలుగులో పోర్టు క్వార్టర్ల వినాయక చవితి పందిరి గుర్తు చేసుకో. హరికథ అనుకుని వచ్చి కూర్చున్నారు జనం. మైకుసెట్టు వాడి దగ్గర అరువు తెచ్చిన ఆంప్లిఫయరు, జగ్గారావు లేతు షాపులో తనే వంచి చేసుకున్న రేకు సింబల్, ఓడల మీద నావికుల దగ్గర వరహాలు బతిమాలి తెచ్చిన క్యాసెట్ విని నువ్వు తెలుగు అక్షరాల్లో రాసుకున్న ఇంగ్లీషు పాట. నువ్వు నోరు తెరిచావు. పందిట్లో ఒక్కడికీ అర్థం కాలేదు. నీకూ కాలేదని తరవాత ఒప్పుకున్నావు. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి, ఇదేదో కొత్త మంత్రమనుకుని నీకు హారతిచ్చింది. ఆమె పక్కన కూర్చున్నది నేను. నా ఒంటి మీద వెంట్రుకలు ఇప్పటిదాకా పూర్తిగా పడుకోలేదు. ఆనాటి నుంచి తొమ్మిదేళ్ళు, నలభై ఒక్క కచేరీలు, టైఫాయిడ్‌లో కూడా ఒక్కటీ వదల్లేదు. మా నాన్న పోయినా ఇంత శ్రద్ధగా కర్మ చేయనని మా అమ్మ అంది, నాన్న ఎదురుగానే.

సంఘం ముందున్న అనుమానితులు: జగ్గారావు, వరహాలు, వరహాలు భార్య, చవితి కమిటీ, దేశంలో కొత్తగా పుట్టిన డిస్కో. నీకు ఉద్యోగం రావడం మాత్రం దైవ నిర్ణయం కాబట్టి దాని జోలికి సంఘం వెళ్ళదు.

ఇట్లు,
విధేయ శ్రోత,
నీలకంఠం.


భిలాయి, ట్రైనీ హాస్టల్,
28-6-83.

బావా నీలకంఠం,

నీ ఉత్తరం మెస్సులో చదివి నవ్వితే పక్కన బిహారీ కుర్రాడు నాకు జ్వరమేమోనని చెయ్యి పట్టి చూశాడు. ఇక్కడ నేను నవ్వడం వాడు చూడలేదు.

పని బాగానే ఉంది. ఫర్నేసు దగ్గర నిలబడితే ఒళ్ళు అప్పడమవుతుంది. ఇక్కడా షిఫ్టుకో సైరన్ మోగుతుంది. మొదటి వారం అది మోగినప్పుడల్లా స్టేజీ ఎక్కాలేమో అనిపించేది. సముద్రం లేదు. ఎటు చూసినా భూమే, ఎక్కడ ఆగాలో తెలియదు.

నువ్వు దైవ నిర్ణయం అన్నావు. కాదు. నీకొక సంగతి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నేను ఐటీఐ అయ్యాక డెబ్భై ఐదులో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకున్నాను కదా, కార్డు మీద మొదటి ముద్ర అదే. మూడేళ్ళకోసారి వెళ్ళి కార్డు మీద ముద్ర వేయించుకోకపోతే పేరు కొట్టేస్తారు. డెబ్భై ఎనిమిదిలో వేయించాను. ఎనభై ఒకటిలో వేయించలేదు. కావాలనే. ఆ కార్డు బతికుంటే ఎప్పుడో ఒకనాడు నన్ను తీసుకుపోతుంది. బోటు ఇంజన్లు బాగుచేసుకుంటూ పాడుకుంటే నాకు చాలు. అమ్మకి మాత్రం వేయించేశానని చెప్పాను.

ఫిబ్రవరిలో మన ఊళ్ళో కట్టబోయే ఉక్కు ఫ్యాక్టరీ నుంచి కాల్ లెటర్ వచ్చింది, శిక్షణ మాత్రం భిలాయిలో అని. పోస్టుమాన్ జాలారిపేట వీధంతా వినేట్టు చదివాడు. అమ్మ చేపల బుట్ట అక్కడే దించేసి ఇంటింటికీ చక్కెర పంచింది. వెళ్ళనని ఎలా అనను? ఇంటర్వ్యూకి కార్డు కావాలంటే బిస్కట్ల డబ్బా తెరిచాను. కార్డు మీద మూడు ముద్రలున్నాయి.

అమ్మని అడిగితే, "దేవుడేసేడు, నీకేటి" అంది. ఎన్నిసార్లు అడిగినా అదే.

దేవుడు క్యూలో నిలబడడు. ఎవరో మా ఇంటికొచ్చి, కార్డు పట్టుకెళ్ళి, రిజిస్టర్లో నా సంతకం పెట్టి, నన్ను ఊళ్ళోంచి గెంటేశారు. ఆ సంవత్సరమే జగ్గారావు సినిమా పాటలు వాయిద్దామన్నాడు. రుషికొండ ఇసుకలో కూర్చుని మేమిద్దరం కొట్టుకోవడం నువ్వు చూశావు. మా ఇంటికి రోజూ వచ్చేవాడు, అమ్మకి వాడంటే ముద్దు. ఇప్పుడు నేను లేను, ఎర్రగుడ్డ మీద వాడి పేరుంది. లెక్క సరిపోవడం లేదూ?

నీ విచారణ సంఘం ఈ ముద్ర సంగతి తేల్చాలి. నేను నిన్ను తప్ప ఎవర్నీ నమ్మను.

ఎల్లాజీ.


గోపాలపట్నం,
20-7-83.

నిజనిర్ధారణాభిలాషి అయిన బావకి,

నీ ఉత్తరం అందింది. సంఘం ముద్ర సంగతి చదివి దిగ్భ్రాంతి చెందింది. సంఘం మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. మా అమ్మ సంఘానికి వాము నీళ్ళు పట్టింది.

ఇక నివేదిక.

ముందుగా వరహాలు ఇంటికి వెళ్ళాను. ఆ ఇంట్లో ఒకప్పుడు బేస్ గిటార్ ఉన్న మేకుకి ఇప్పుడు ఉయ్యాల తాడు కట్టి ఉంది. గిటార్ మంచం కింద ఉంది, దాని మీద ఉల్లిపాయలు ఆరబోశారు. వరహాలు పిల్లని ఒళ్ళో పెట్టుకుని నా ప్రతి ప్రశ్నకీ తలూపాడు. సైరన్స్‌ని నువ్వే ముంచావా అంటే తలూపాడు. ఇంకెవరైనా ముంచారా అంటే దానికీ ఊపాడు. ఇలాంటి సాక్షి ఏ కోర్టులోనూ నిలబడడు.

అతని భార్య గౌరీశ్వరి మీద సంఘానికి మొదటి నుంచీ గట్టి అనుమానం. పెళ్ళయిన ఏడాదికే వరహాలు రిహార్సల్స్ తగ్గించేశాడు గదా. నువ్వే ఆపావటగా అని అడిగేశాను. ఆమె చేట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"నానెందుకు ఆపుతాను బాబూ? ఆయన వాయిత్తంటేనే గదా నాను పెళ్ళికి ఒప్పుకున్నాను. ఎల్లాజీ ఎల్లిన కాడి నుంచి ఆ గిటారు ముట్టుకుంటే ఒట్టు. ఉల్లిపాయలు నాను కాదు, ఆయనే పోసేడు."

ఇది నమ్మదగ్గ మాటలాగే ఉంది కాబట్టి మరింత అనుమానించవలసి ఉంది.

తరవాత సైకిలు తొక్కుకుంటూ గాజువాకలో జగ్గారావు పనిచేసే లేతు షాపుకి వెళ్ళాను. రెండు గంటల దాకా మెషీను ఆపలేదు. నేనూ కదలలేదు. చివరికి చేతులు తుడుచుకుంటూ వచ్చి టీ ఇప్పించాడు. అనుమానితుడు టీ ఇప్పించడం లంచం కింద వస్తుందా అన్నది సంఘం ఇంకా ఆలోచిస్తోంది. ఎల్లాజీ కార్డు మీద ఎవరో ముద్ర వేయించారట, నీకేమైనా తెలుసా అని అడిగాను. గ్లాసు పక్కన పెట్టాడు. మొహం ఎర్రబడింది. తరవాత లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇది సిగ్గా, కోపమా, పట్టుబడ్డ దొంగ మొహమా? సంఘం ఏమీ అనదు. చూసింది రాసింది. అనుమానం అనేది ఇసుక లాంటిది బావా, ఎక్కడ కూర్చున్నా కొంత అంటుకుంటుంది. తీర్పు వాయిదా వేస్తున్నాను.

నీ శ్రోత,
నీలకంఠం.


భిలాయి,
14-8-83.

బావా,

వాయిదా ఎందుకు? లేచి వెళ్ళిపోయాడన్నావు. చెయ్యనివాడైతే చెయ్యలేదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

నాకు ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ఎనభై ఒకటి ఆగస్టులోనో సెప్టెంబరులోనో నేను సాయంత్రం ఇంటికెళితే జగ్గారావు మా అరుగు మీద కూర్చుని చేపల పులుసు తింటున్నాడు. నన్ను చూసి వాడూ అమ్మా మాట ఆపేశారు. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఇప్పుడు రోజూ ఆ అరుగే కనిపిస్తోంది.

ఇంకొకటి కూడా రాస్తాను. చదివి చించెయ్. కాల్ లెటర్ వచ్చిన రోజు, పోస్టుమాన్ చదువుతున్నప్పుడు, నాకు ఒక్క నిమిషం సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు? తొమ్మిదేళ్ళు అరువు ఆంప్లిఫయర్లతో, ఇంజన్ గ్రీజు వేళ్ళతో పాడాను. వయసు ఇరవై ఏడు. అమ్మ ఇంకా బుట్ట మోస్తోంది. ఆ నిమిషంలో నేను సైరన్స్‌ని వదిలేశాను. ఎవరూ చూడలేదు గానీ వదిలేశాను. ఆ సంతోషం నాలో ఎవరు పుట్టించారో వాళ్ళు నాకు సమాధానం చెప్పాలి. వాణ్ణి కొట్టాలో వాడికి మొక్కాలో నాకే తెలియడం లేదు. కానీ జగ్గారావైతే కొడతాను. నాకు మంచి జరగాలని వాడు చెయ్యలేదు, నా చోటు కోసం చేశాడు.

నువ్వు ఒకసారి అమ్మ దగ్గరికెళ్ళి అడుగు. నీకు చెబుతుంది. నువ్వంటే దానికి గురి. చదువుకున్నోడు, అబద్ధమాడడు అంటుంది.

ఎల్లాజీ.


గోపాలపట్నం,
2-10-83.

బావా,

ఆలస్యానికి క్షమాపణ. ఇది నిజమైనదే.

మీ అమ్మని, గంగాలమ్మత్తని చూసి వచ్చాను. బాగుంది. నువ్వు పంపిన మనియార్డరు ఫారాలు కార్డు ఉన్న బిస్కట్ల డబ్బాలోనే దాచుకుంది, నాకు చూపించింది. నీ ఫోటో ఒకటి పంపమంది, హెల్మెట్ పెట్టుకుని. గిటార్‌ది వద్దట, అవి చాలా ఉన్నాయట.

ముద్ర సంగతి అడిగాను. వలకి ముడేస్తున్నది ఆపి నా మొహంలోకి చూసి నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

"సెప్పనన్న మాట సెప్పను. అడగమన్నోడికి కూడా అదే సెప్పు," అంది.

అంటే ఎవరికో మాటిచ్చింది. ఇంతకు మించి సంఘానికి సాక్ష్యం దొరకలేదు.

ఊళ్ళో సంగతులు రాస్తాను. ఈ ఏడు చవితి పందిట్లో మీ బదులు రికార్డు ప్లేయరు పెట్టారు. ముందు వరసలో అలవాటు కొద్దీ కూర్చున్నాను. మొదటి పాట మొదలైంది. ఎవరూ తప్పు వాయించలేదు. మైకు కూయలేదు. మధ్యలో వరహాలు తీగ తెగలేదు, నువ్వు తీగ వేసేదాకా జగ్గారావు ఒక్కడే డ్రమ్ములతో పావుగంట జనాన్ని కూర్చోబెట్టలేదు. పావుగంటకి లేచి వచ్చేశాను. సంగీతం అంటే నాకు ఇష్టం లేదని ఆ రోజే తెలిసింది బావా. నాకు ఇష్టమైంది మీ ముగ్గురే. ఒకడు తప్పు వాయిస్తే మిగతా ఇద్దరూ వాడి కోసం ఆగేవారు చూడు, అది. బీచ్‌లో నువ్వు తెలుగులో కట్టిన మొదటి పాట, 'ఓడలెన్ని ఎల్లిపోనా ఒడ్డు మాత్రం ఎల్దురా', దానికి జగ్గారావు తాళం ఆలస్యంగా అందుకునేవాడు. అలా ఆలస్యంగా అందుకోవడం కోసమే నేను వచ్చేవాణ్ణి. రికార్డు ఎవరి కోసమూ ఆగదు.

జగ్గారావుకి పెళ్ళి కుదిరింది. పోర్టులో ఫోర్మన్ శ్రీరామ్మూర్తి గారి అమ్మాయి. డిసెంబరు ఎనిమిది. శుభలేఖ నీకు పంపుతానన్నాడు. పెళ్ళిలో మెలోడీస్ వద్దంటున్నాడు. ఒక్క గంట సైరన్స్ వాయించాలట, ముగ్గురూ. వరహాలుతో చెబితే తలూపలేదు, ఏడ్చాడు. నువ్వు సెలవు పెట్టి రా బావా.

నీలకంఠం.


భిలాయి,
9-11-83.

నీలకంఠం,

శుభలేఖ వచ్చింది. అడుగున వాడి చేత్తో 'నువ్వు రాకపోతే నాను వాయించను' అని రాశాడు. ఎంత ధైర్యం.

పెళ్ళికూతురి తండ్రి శ్రీరామ్మూర్తి గారికి ఒక ఉత్తరం రాశాను. స్నేహితుడి ఇంట్లో జొరబడి, కార్డు తీసి, దొంగ సంతకం పెట్టి, వాణ్ణి ఊరు దాటించి వాడి చోట్లో కూర్చున్నవాడికి మీ పిల్లనిస్తున్నారు, విచారించుకోండి అని. ఆయన చాలా పద్ధతి గల మనిషని విన్నాను. ఈ ముక్క చాలు, సంబంధం ఆగిపోతుంది.

కవరు అంటించి నా ట్రంకు పెట్టెలో ఉంచాను. నీ చేతి రాతతో ఒక్క మాట కావాలి. నువ్వు వాణ్ణి కళ్ళారా చూశావు, అమ్మతో మాట్లాడావు. 'అవును, జగ్గారావే' అని రాయి. ఆ కాగితం కూడా కవర్లో పెట్టి పంపుతాను. చదువుకున్నవాడి మాటంటే ఆయన నమ్ముతాడు. ఈ నెల ఇరవై అయిదు దాకా చూస్తాను. నువ్వు రాయకపోయినా పోస్టు చేస్తాను.

ఎల్లాజీ.


గోపాలపట్నం,
16-11-83.
ఎక్స్‌ప్రెస్ డెలివరీ.

బావా,

ఆ కవరు పోస్టు చెయ్యకు. మిగతాది తరవాత చదువు, ముందు లేచి వెళ్ళి దాన్ని చింపేసి రా.

జగ్గారావు కాదు. లేతు షాపులో వాడు లేచి వెళ్ళిపోయాడని రాశాను. నిజమే. కానీ వెళ్ళేముందు వాడొక మాట అన్నాడు. అది రాయలేదు.

"ఆడికి రొట్టె దొరికిందని సంబరపడాలో, ఆడు ఎల్లిపోనాడని ఏడవాలో తెలక సత్తన్నాను. నానెందుకు సేత్తాను బావా అలాటి పని? ఆడు లేకపోతే నాను ఎవులి కోసం ఆలీసంగా వాయిత్తాను?"

మెలోడీస్ ఎందుకు పెట్టావంటే, చేతులు ఊరుకోవడం లేదన్నాడు. నీ ఆగస్టు ఉత్తరం అందాక మళ్ళీ వెళ్ళి, మీ అరుగు మీద పులుసు తిన్న రోజు మాట ఎందుకు ఆపేశారో కూడా అడిగాను. సినిమా పాటల గొడవ తరవాత నీతో రాజీ చెయ్యమని మీ అమ్మని బతిమాలుకుంటున్నాడట. అదీ నీకు రాయలేదు.

ఎందుకు రాయలేదంటావా? నువ్వు వాణ్ణి అనుమానిస్తున్నంత కాలం నన్ను నమ్ముతున్నావు. 'నిన్ను తప్ప ఎవర్నీ నమ్మను' అని నువ్వు రాసిన కాగితం మడత పెట్టి జేబులో తిప్పుకున్నాను. తొమ్మిదేళ్ళు ముందు వరసలో కూర్చున్నవాడికి స్టేజీ మీద నుంచి ఎవరైనా అలా అంటే ఏమవుతుందో నీకు తెలియదు. వరహాలుని అనుమానించాను, గౌరీశ్వరిని, చవితి కమిటీని, డిస్కోని. వేలు చూపించడానికి ఎవడూ మిగలకుండా పోయేదాకా చూపించాను. ఆ వేలు ఒక ఆడపిల్ల పెళ్ళి దాకా వెళుతుందనుకోలేదు.

డిసెంబరు ఆరుకల్లా రా. స్టేషనుకి నేనొక్కణ్ణే వస్తాను. నన్ను కొట్టేది ఉంటే అక్కడే కొట్టేసి తరవాత పెళ్ళికి వెళ్ళు. జగ్గారావుతో నేను ఈ ఉదయమే చెప్పేశాను. వాడు కొట్టలేదు, పని ఆపి నీకు కార్డు రాయడానికి పోస్టాఫీసుకి వెళ్ళాడు. అది కూడా నీకు అందుతుంది.

ఇక చెబుతాను.

ఎనభై ఒకటి ఆగస్టులో, నువ్వు హార్బర్లో ఉన్న వేళ, గంగాలమ్మత్త చేపలమ్ముకుంటూ గోపాలపట్నం దాకా వచ్చింది. మా ఇంటి ముందు బుట్ట దించి, కొంగులోంచి నీ కార్డు తీసింది. ఆమెకి చదువు రాదు గానీ లెక్కొచ్చు. "మూడేసి ఏళ్ళకోటి ఏత్తారంట గదా బాబూ. డెబ్బయ్యయిదుకోటి, ఎనిమిదికోటి. మూడోది ఏసేసినానన్నాడు మావోడు. రెండే ఉన్నాయి, సూడు," అంది. తరవాత కార్డు నా చేతిలో పెట్టింది. "ఆడి పాట నాకూ ఇట్టమే. ఒగ ముద్దరుంటే పోయిందేటి? ఉండనీ. నానడిగినానని ఆడికి సెప్పకు, నువ్వేసినావని నానూ సెప్పను," అంది.

నాకు నవ్వొచ్చింది. ఎక్స్ఛేంజి నుంచి పిలుపొచ్చినవాణ్ణి నేను అప్పటిదాకా చూడలేదు. నువ్వూ చూడలేదు, ఈ జిల్లాలో ఎవడూ చూడలేదు. దేవుడికి మొక్కు చెల్లించినట్టు మూడేళ్ళకోసారి వెళ్ళి ముద్ర వేయించుకుని ఇంటికి రావడమే గదా మనందరం చేసేది. మన ఊరి ఉక్కు ఫ్యాక్టరీ అప్పటికి ముళ్ళతీగా, బోర్డూ. ఒక తల్లి నిద్రపోవడానికి ఒక ముద్ర, అంతే అనుకున్నాను. దానివల్ల సైరన్స్‌కి ఏమీ కాదనుకున్నాను. అనుకున్నానన్నది నిజమే బావా, నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

మర్నాడు వెళ్ళాను. రెండు జేబుల్లో రెండు కార్డులు. నాదీ డెబ్భై ఎనిమిదిలో రాయించిందే, దాని గడువూ ఆ నెలే. మూడు గంటలు క్యూలో నిలబడ్డాను. కిటికీ దగ్గరికి వచ్చాక తెలిసింది, ఒక మనిషికి ఒక కార్డేనట, రెండోది కావాలంటే మళ్ళీ వెనక్కెళ్ళి నిలబడాలట. వెనక్కి చూశాను. వరస రోడ్డు దాటింది. నా కార్డు జేబులోనే ఉంచేశాను. ఎలాగూ పిలుపు రాదు గదా. ఈ సంగతి మా నాన్నకి ఈ ఏడు తెలిసింది, అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడడం లేదు.

నీ కార్డు కిటికీలోంచి లోపలికి తోశాను. రిజిస్టరు నా వైపు తిప్పారు. నీ సంతకం నాకు చూడకుండా వచ్చు. కాలేజీ అమ్మాయిలకి నీ ఫోటోల మీద పెట్టిచ్చింది ఎవరనుకున్నావు? పెట్టాను. లోపలాయన తల ఎత్తకుండా పేరు అడిగాడు.

ఎల్లాజీ అని చెప్పాను.

నీలకంఠం.